క్యాడ్‌వెల్‌లో ఐదో ఆట

బింగామ్‌టన్
1951 సెప్టెంబరు 18

వెర్నా తల్లీ,

మూడు రోజులు మీ ఊళ్ళోనే ఉండి కూడా మీ గుమ్మం తొక్కకుండా వచ్చేశాను. కోపం తెచ్చుకోకు. బేస్‌బాల్ ప్లేఆఫ్ పోటీలు నడుస్తున్నంతకాలం అంపైర్ ఆ ఊళ్ళో ఎవరింట్లోనూ భోంచెయ్యకూడదు, కూతురి ఇల్లయినా సరే. ఆటకి రావద్దని నీకు చెప్పింది కూడా అందుకే. నా మాట విన్నందుకు సంతోషం. ముఖ్యంగా ఆదివారం రానందుకు.

ఈపాటికి మీ ఆయన ఆరిన్ సెలూన్లో అంతా విని ఉంటావు. నా నోటి నుంచి కూడా విను. మొదటి రౌండులో మీ ఊరి జట్టూ ఓర్స్‌బీ జట్టూ చెరి రెండు ఆటలు గెలిచాయి. ఐదో ఆటలో గెలిచినవాళ్ళు పైకి, ఓడినవాళ్ళు ఇంటికి. చివరి ఇన్నింగ్సులో స్కోరు సమానం. ఓర్స్‌బీ కుర్రాడొకడు మూడో బేస్ మీద ఉన్నాడు. బంతి గాల్లోకి లేచింది, మీ ఫీల్డరు పట్టాడు, పట్టగానే ఈ కుర్రాడు హోమ్ ప్లేట్ వైపు పరుగు లంకించుకున్నాడు. విసిరిన బంతి నేరుగా మీ క్యాచర్ సడౌస్కీ చేతిలో పడింది. కుర్రాడు ప్లేట్ తాకేలోపు సడౌస్కీ బంతితో వాణ్ణి తాకితే అవుట్. తాకలేదు. సేఫ్ అన్నాను, మీవాళ్ళు ఓడిపోయారు. అంతే.

సడౌస్కీ నా మీదికొచ్చి రెండు చేతులతో నెట్టాడు. వెల్లకిలా పడ్డాను. లీగ్ అధ్యక్షుడు నన్ను పిలిపించి సంగతి అడిగాడు, చెప్పాను. వచ్చే ఏడాదంతా సడౌస్కీని ఆడనివ్వరట. అంపైర్ మీద చెయ్యి వేస్తే మరి ఊరుకుంటారా?

ఇక్కడ నేను అద్దెకుంటున్న ఇంటావిడ మిసెస్ ఓబర్లీ రోజూ క్యాబేజీయే వండుతోంది. మోకాలికి కొత్త తైలం రాస్తున్నాను. దాని వాసనకి పిల్లి కూడా దగ్గరికి రావడం లేదు. నా మనవరాలు జాయిస్‌కి ఊడిన ముందు పళ్ళు మళ్ళీ వచ్చాయా?

నాన్న


క్యాడ్‌వెల్
సెప్టెంబరు 26

నాన్నా,

నీ ఉత్తరం చూసి ప్రాణం కుదుటపడింది. వెల్లకిలా పడ్డావని విని నడుముకేమైనా అయిందేమోనని భయపడ్డాను. నువ్వు దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు, అలవాటే కదా.

ఇక్కడ అందరూ ఆ ఆట సంగతి దాదాపు మరిచిపోయారు. రెండు రోజులు కాస్త గొణిగారు, తర్వాత ఆపిల్ పళ్ళు కోసే పనిలో పడ్డారు. సెలూన్లో ఒకాయన ఏదో నోరు జారితే నేనే ఊరుకోలేదు. "మా నాన్న చూశానంటే చూసినట్టే" అన్నాను. ఆయన నోరు మూసుకున్నాడు. కాబట్టి నువ్వేం మనసులో పెట్టుకోకు.

జాయిస్‌కి ఒక పన్ను వచ్చింది, రెండోది సగం వచ్చి ఆగింది. మాట్లాడితే ఈల వేసినట్టుంటోంది. ఆరిన్ మామయ్యకి నమస్కారాలు చెప్పమన్నాడు.

వెర్నా


బింగామ్‌టన్
అక్టోబరు 6

వెర్నా,

నా తరఫున ఎవరితోనూ పోట్లాడకమ్మా. నువ్వు ఆ ఊళ్ళో బతకాల్సినదానివి. నీ ఉత్తరం చదివినప్పటినుంచీ అదోలా ఉంది. నా కోసం నువ్వలా నిలబడ్డావంటే సంతోషపడాలి కదా? సరిగ్గా అన్నం కూడా సయించడం లేదు.

ఆ రోజు దుమ్ము చాలా లేచింది. నెల రోజులుగా వాన లేదు కదా మీకు. ఎంత అనుభవం ఉన్నా దుమ్ము దుమ్మే. ఊరికే అంటున్నాను.

సడౌస్కీ ఏం చేస్తున్నాడు? వీలుంటే కనుక్కో. అతనికి పిల్లలున్నారా?

నాన్న


క్యాడ్‌వెల్
అక్టోబరు 20

నాన్నా,

నీ మీద నీకే అనుమానమేమిటి? ఇంతకాలం అంపైర్‌గా చేసినవాడివి, ఎవడో నాలుగు కేకలేశాడని దుమ్మునీ వాననీ తలుచుకుంటూ కూర్చుంటావా? అమ్మ ఉంటే నిన్ను నిలబెట్టి కడిగేసేది.

సడౌస్కీ బాగానే ఉన్నాడు. తోళ్ళ ఫ్యాక్టరీలో పని దొరికింది. అతని భార్య స్టేషా కడుపుతో ఉంది, మొదటి కాన్పు. ఇంటిపట్టున ఉండటమే నయమని అతను కూడా అంటున్నాడట. బస్సుల్లో ఊరూరా తిరిగే బతుకు విసుగెత్తిందట. చూశావా, దేనికైనా ఒక మంచి కూడా ఉంటుంది.

దోసకాయలు వెనిగర్‌లో ఊరబెట్టాను. నీకు రెండు సీసాలు పంపిస్తాను. పగలకుండా వస్తే అదృష్టం.

వెర్నా


బింగామ్‌టన్
నవంబరు 5

వెర్నా తల్లీ,

దోసకాయలు అందాయి. ఒక సీసా మిసెస్ ఓబర్లీ కంట పడకుండా దాచుకున్నాను.

నీ ఉత్తరంతో గుండె తేలికపడింది. సడౌస్కీ ఇంటిపట్టున సుఖంగా ఉన్నాడంటే అంతకన్నా ఏం కావాలి? ఒకటి అనుకున్నాను. థాంక్స్‌గివింగ్ పండక్కి మీ ఊరొస్తాను. ఆరిన్ చేత గడ్డం గీయించుకుంటాను, నాలుగు కబుర్లు వింటాను. వీలైతే సడౌస్కీ ఇంటికి వెళ్ళి చెయ్యి కలిపి వస్తాను. మగవాళ్ళం, ఆటలో జరిగింది ఆటతోనే పోవాలి. ఏమంటావు?

నాన్న


క్యాడ్‌వెల్
నవంబరు 13

నాన్నా,

ఎంత ఆశపడ్డానో! కానీ ఏం చెప్పను, జాయిస్‌కి గవదబిళ్ళలు వచ్చాయి. రెండు చెంపలూ ఉబ్బిపోయాయి. డాక్టరు ఎవర్నీ ఇంటికి రానివ్వద్దన్నాడు. ఈసారికి పండగ లేదనుకో. నీ వయసులో అది తగులుకుంటే ప్రమాదం. క్రిస్మస్ తర్వాత చూద్దాం.

వెర్నా


బింగామ్‌టన్
నవంబరు 26

వెర్నా,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

పండగ ముందు రోజు నేను మీ ఊరొచ్చాను. గవదబిళ్ళలు నాకు చిన్నప్పుడే వచ్చి పోయాయి, మళ్ళీ రావు. మిసెస్ ఓబర్లీని బతిమాలి కోడి సూపు చేయించాను. పాపకి సూపిచ్చి, గుమ్మంలోంచే చూసి వెళ్ళిపోదామనుకున్నాను. మీ వీధి మలుపు తిరగగానే జాయిస్ కనిపించింది. కాళ్ళకి చక్రాలు కట్టుకుని, ఈల వేస్తూ జారుతోంది, చెంపలు ఎర్రగా ఆపిల్ పళ్ళలా ఉన్నాయి. నన్ను చూడలేదు. వెనక్కి తిరిగాను.

నేరుగా బస్సెక్కేయాల్సింది. కాళ్ళు సెలూన్ వైపు తీసుకెళ్ళాయి. నన్ను చూడగానే ఆరిన్ మొహంలో రంగు పోయింది. కుర్చీలో కూర్చుని "గడ్డం" అన్నాను. పాపం, వేడి తువ్వాలు తెచ్చి మొహానికి చుట్టాడు. అంతలో తలుపు తెరుచుకుంది. ముగ్గురో నలుగురో లోపలికొచ్చారు.

"ఏమోయ్ ఆరిన్, ఆ గుడ్డి సన్నాసి ఎప్పుడైనా దొరికితే ఈ కుర్చీలో కూచోబెట్టు. కత్తి నేను పడతా" అన్నాడొకడు.

"వాడికి గడ్డమెందుకురా, మొహమే చూపించలేడు!"

"నవ్వులాటకేం గానీ, ఎమిల్ సడౌస్కీ గాణ్ణి చూశావా? పచ్చి తోళ్ళు మోస్తున్నాడు. తోళ్ళకి పట్టించే సున్నానికి చేతులు పుళ్ళు పడ్డాయి. ఆ చేతుల్తో ఇంక బంతి పడతాడా?"

"మొన్న స్టేషా మా ఆవిడ దగ్గర ఒకటే ఏడుపట. బంతి తప్ప మా ఆయనకి ఇంకో పని రాదు, మనిషి మాట్లాడ్డం మానేశాడు అని."

"నెట్టడం మాత్రం తప్పే."

"నేనైతే నెట్టి ఊరుకుందునా!"

ఆ తర్వాత బెన్ అనే ఆయన, పేరు ఆరిన్ పిలిస్తే తెలిసింది, ఇలా అన్నాడు: "ఆ రోజు అందరికన్నా గట్టిగా అరిచింది ఎవరనుకున్నారు? మన ఆరిన్ భార్యే! మూడో బేస్ వైపు మా వెనక వరసలోనే కూచుంది. లేచి నిలబడి, 'కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా ముసలాడా!' అంది. అబ్బ, ఏం గొంతు!"

ఆరిన్ కత్తి బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. "బెన్, ఇంక చాలు" అన్నాడు. వాళ్ళు నవ్వారు. తువ్వాలు చల్లారిపోయింది. తియ్యమని నేననలేదు, అతను తియ్యలేదు. లేచి "నేనే ఆ ముసలాణ్ణి" అనడానికి ఎంత ధైర్యం కావాలి? అంత కూడా లేకపోయింది నాకు. వాళ్ళు వెళ్ళిందాకా ఆ తడి గుడ్డ కింద దాక్కున్నాను.

ఆరిన్ "మామయ్యా, ఇంటికి రండి" అని చెయ్యి పట్టుకున్నాడు. రాలేదు. నీకు చెప్పొద్దని నేనే మాట తీసుకున్నాను, అతన్నేమీ అనకు. సూపు అక్కడే వదిలేశాను.

నువ్వు వచ్చావు. నువ్వు చూశావు. ఇన్నాళ్ళూ నా మాట నమ్ముతున్నావని నేను కుమిలిపోతుంటే, నువ్వేమో నిజం తెలిసి కూడా నన్ను కాపాడుతున్నావు. అయితే నీకు తెలియనిది ఒకటుంది. నేను తప్పుగా చూశానని నువ్వు అనుకుంటున్నావు. నేనసలు చూడలేదమ్మా. సడౌస్కీ వీపు నాకు అడ్డం వచ్చింది. పక్కకి జరగాలి, మోకాలు సహకరించలేదు. ఎదుట దుమ్ము. ఏదో ఒకటి అనాలి కదా అని చేతులు చాపి సేఫ్ అన్నాను. మీ జట్టు మేనేజరు పరిగెత్తుకొచ్చి, "గిలెస్పీని అడుగు ఎవరెట్, అతను చూసి ఉంటాడు" అని బతిమాలాడు. గిలెస్పీ నా తోటి అంపైర్, మొదటి బేస్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అడిగితే అయిపోయేది. "ఇంకొకరి కళ్ళు నాకక్కర్లేదు" అన్నాను. అధ్యక్షుడితోనూ అదే పాట.

ఇంక రాయలేను.

నాన్న


క్యాడ్‌వెల్
నవంబరు 30

నాన్నా,

ఆరిన్ ఆ రాత్రే చెప్పేశాడు, నీకెలా రాయాలో తెలియక ఆగాను. సూపు జాడీ చూసి నేనే నిలదీశాను. జాయిస్ ఆ సూపు తాగుతూ "తాతయ్య వస్తే నాకెందుకు చెప్పలేదు?" అని అడిగితే లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయాను.

నువ్వు రావద్దన్నా వచ్చాను. తలకి గుడ్డ కట్టుకుని మూల కూర్చున్నాను. నా చిన్నప్పుడు అమ్మ నన్ను నీ ఆటలకి రానిచ్చేది కాదు, నీకు తెలుసు. నిన్ను ఎప్పుడూ ఆ అంపైర్ నల్ల కోటులో చూడనే లేదు. గర్వంగా అనిపించింది నాన్నా. చివరి ఇన్నింగ్సు దాకా గర్వంగానే అనిపించింది. ఆ తర్వాత సడౌస్కీ ఆ ఓర్స్‌బీ కుర్రాడి పిక్క మీద బంతి ఆనించడం నాకు కనబడింది. నువ్వు చేతులు చాపావు. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. పక్కావిడ నా వీపు తట్టి "బాగా అన్నావు!" అంది. ఒక్క క్షణం నాకు అది బాగానే అనిపించింది. ఆ క్షణం తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

ఇది కూడా విను, ఇంక దాచి ఏం లాభం. సెలూన్లో నీ తరఫున పోట్లాడాననడం అబద్ధం. ఊరు మరిచిపోయిందనడం అబద్ధం. వంతెన మీద నీ దిష్టిబొమ్మ తగలబెట్టారు. మేం పక్క వీధిలోంచి ఇంటికి వచ్చాం. సడౌస్కీ సంతోషంగా ఉన్నాడనడం అన్నిటికన్నా పెద్ద అబద్ధం. చర్చి భోజనాల దగ్గర మిసెస్ ప్రూయిట్ "ఆ అంపైర్ పేరు నూనన్ అట, మీ పుట్టింటి పేరూ అదే కదా, చుట్టాలా?" అని అడిగింది. "కాదు. మా నాన్న పోయి చాలా ఏళ్ళయింది" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "అయ్యో పాపం" అంది. పైగా తీపి ఆపిల్ పై వంటకం ఇంకో ముక్క నా పళ్ళెంలో వేసింది. తిన్నాను నాన్నా.

నిన్ను తిట్టినందుకు కాదు, ఆ ఆపిల్ పై తిన్నందుకు నన్ను క్షమించు.

వెర్నా


బింగామ్‌టన్
డిసెంబరు 11

వెర్నా,

చచ్చిపోయినవాణ్ణయినా ఆకలేస్తోంది, ఆ ఆపిల్ పై నాకూ కాస్త ఉంచాల్సింది. నవ్వు, పరవాలేదు. మొన్న నీ ఉత్తరం చదివి నేనూ ఒకసారి నవ్వాను, ఆ తర్వాత నవ్వు రాలేదు.

నిన్న అధ్యక్షుడి ఆఫీసుకి వెళ్ళాను. చూడకుండా తీర్పు చెప్పానని చెప్పాను. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "తప్పుగా చూసినవాణ్ణి వెనకేసుకొస్తాను ఎవరెట్. చూడకుండా చెప్పినవాణ్ణి ఏమని వెనకేసుకు రాను?" అన్నాడు. ఆట ఫలితం మార్చడానికి లేదు. నెట్టింది నిజమే కాబట్టి సడౌస్కీ శిక్ష పూర్తిగా పోదు, ఏడాది బదులు సీజన్ మొదట్లో కొన్ని ఆటలకి కుదించారు. వచ్చే వసంతానికి నా పేరు అంపైర్లలో ఉండదు. ఆ మాట ఆయన నోటితో అనకుండా నేనే అనేశాను.

శనివారం వస్తున్నాను. ఈసారి తువ్వాలు లేకుండా. సడౌస్కీ ఇల్లు చూపించు. నువ్వు లోపలికి రానక్కర్లేదు.

నాన్న


క్యాడ్‌వెల్
డిసెంబరు 20

నాన్నా,

శనివారం నువ్వు బస్సెక్కి వెళ్ళిపోయావు, నాకేమో అడగడానికి నోరు రాలేదు. వాళ్ళ గేటు దగ్గర మంచులో నిలబడి ఉన్నానే, లోపల ఎవరో గట్టిగా అరవడం వినిపించింది, తర్వాత ఏమీ వినిపించలేదు. నువ్వు బయటికొచ్చినప్పుడు టోపీ చేతిలోనే ఉంది, పెట్టుకోవడం మరిచిపోయావు. ఏమన్నాడు? చెప్పాలనిపిస్తేనే చెప్పు.

ఆదివారం చర్చి దాకా ఆగలేక నిన్న మిసెస్ ప్రూయిట్ ఇంటికి వెళ్ళాను. "మా నాన్న బతికే ఉన్నాడు. ఆ అంపైర్ మా నాన్నే" అన్నాను. ఆవిడ చేతిలో పిండి గిన్నె అలాగే ఉండిపోయింది. "ఎందుకమ్మా అలా అన్నావు?" అంది. "సిగ్గేసి" అన్నాను. "ఆయన్ని చూసా?" అని అడిగింది. "నన్ను చూసి" అన్నాను. ఆవిడ కూర్చోమని కూడా అనలేదు.

శనివారం నువ్వెవరో తెలిసినప్పటినుంచీ సెలూన్‌కి బెన్, ఆయన స్నేహితులు రావడం మానేశారు. ఆరిన్ "గడ్డాలు పెరిగితే వాళ్ళే వస్తార్లే" అంటున్నాడు గానీ రోజూ తలుపు వైపే చూస్తున్నాడు.

వెర్నా


బింగామ్‌టన్
డిసెంబరు 29

వెర్నా తల్లీ,

చెప్తాను. తలుపు స్టేషా తీసింది. నేనెవరో చెప్పగానే పక్కకి జరిగింది, అంతే. సడౌస్కీ పొయ్యి దగ్గర చేతులకి కొవ్వు రాసుకుంటున్నాడు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

అతను మొదట నెమ్మదిగానే విన్నాడు. "తప్పయిపోయింది" అన్నంతసేపూ తల ఊపాడు. "నేను చూడలేదు" అనగానే లేచాడు. నువ్వు విన్న కేక అదే.

"చూళ్ళేదా? ఇన్నాళ్ళూ నేనే సరిగ్గా ఆనించలేదేమో, వాడి పిక్క నా బంతికి అందలేదేమో అని పిచ్చెక్కిపోతున్నాను! నిద్రలో కూడా ఆనిస్తున్నాను! ఇంతమంది ఆనించావురా అంటే, అంపైర్ కళ్ళు వాళ్ళకంటే దగ్గరున్నాయి కదా అనుకున్నాను. నువ్వు చూళ్ళేదా!"

అరిచి అరిచి కూర్చున్నాడు. నా మాటే నమ్మి తన చేతుల్నే అనుమానించుకున్నాడు వెర్నా. మీ ఊళ్ళో నా మాట నమ్మినవాడు అతనొక్కడే.

"వెళ్ళు" అన్నాడు, కోపంగా కాదు, అలిసిపోయినట్టు. చెయ్యి కలపలేదు. నేనూ చాపలేదు. స్టేషా తలుపు దాకా వచ్చి, "మంచు పడుతోంది, మెట్లు జాగ్రత్త" అంది. ఆ మాటకి నేను అర్హుణ్ణి కాననిపించి టోపీ పెట్టుకోలేదు.

నాన్న


క్యాడ్‌వెల్
1952 ఏప్రిల్ 22

నాన్నా,

సడౌస్కీని మా ఊరి జట్టు మళ్ళీ తీసుకోలేదు. కుర్ర క్యాచర్ దొరికాడట. కానీ ఒహాయోలో ఏదో జట్టు పిలిచింది. నిన్న సామాను ట్రక్కులో వేసుకుని వెళ్ళిపోయారు. ఆడపిల్ల పుట్టింది కదా, స్టేషా దాన్ని దుప్పట్లో చుట్టి ముందు సీట్లో కూచుంది. పాపకి నేను అల్లిన టోపీ ఇచ్చాను. తీసుకుంది. అతను నన్ను చూసి తల తిప్పుకోలేదు, అలాగని పలకరించలేదు. ఆ చేతులతో ట్రక్కు తలుపు లాగి వేశాడు. చేతులు నయమయ్యాయి నాన్నా, దగ్గరగా చూశాను.

బెన్ నిన్న గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా కూర్చుని వెళ్ళాడట.

జూన్‌లో జాయిస్‌ని తీసుకుని నీ దగ్గరికి వస్తాం. క్యాబేజీ తప్ప ఏం పెట్టినా సరే అని మిసెస్ ఓబర్లీకి చెప్పు.

వెర్నా


బింగామ్‌టన్
మే 12

వెర్నా తల్లీ,

నిన్న టికెట్టు తీసుకుని మా ఊరి మైదానానికి వెళ్ళాను. జనంలో కూర్చోవడం ఊహ తెలిశాక ఇదే మొదటిసారి. మూడో బేస్ వైపు, నువ్వు కూర్చున్నలాంటి చోటే చూసుకున్నాను. అక్కడి నుంచి అంతా ఎంత తేటగా కనబడుతుందో! వీళ్ళంతా చూడకుండానే అరుస్తారని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

ఆటలో ఒకసారి ప్లేట్ దగ్గర అలాంటిదే జరిగింది. నా పక్కన పల్లీలు తింటున్న ముసలాయన లేచి "అవుట్!" అని అరిచాడు. అవుటే. అంపైర్ సేఫ్ అన్నాడు. కొత్తవాడు, సన్నగా ఉన్నాడు, కోటు వదులుగా వేలాడుతోంది. జనం లేచి వాణ్ణి ఏకిపారేశారు. నేను కూర్చునే ఉన్నాను.

ఆట అయ్యాక వెనక గేటు దగ్గర నిలబడ్డాను. ఆ కొత్త అంపైర్ చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. అతని సామాను పెట్టె బరువుగా ఉంది, ఒక పక్క పిడి నేను పట్టుకున్నాను. నన్ను చూసి జనంలోవాణ్ణి అనుకున్నాడేమో, "చూశానండీ, స్పష్టంగా చూశాను" అన్నాడు, నేనేమీ అడక్కుండానే. "సరే బాబూ" అన్నాను. ఇద్దరం బస్సు దాకా నడిచాం. ఎక్కబోతూ ఆగాడు.

"క్యాచర్ అడ్డం వచ్చాడండీ" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

నాన్న